గుప్పెడు తవుడు

నన్ను చేటెడు తవుడుకి అమ్మేశారు. ఈ మాట చెబితే కువైట్‌లో మా మామా కళ్ళు పెద్దవి చేసి పోలీసులకి ఫోన్ చెయ్యబోయింది. అక్కడ ఇంటి యజమానురాలిని మామా అనే అంటారు. మొగల్తూరు దాటాక సముద్రం వైపు ఉన్న మా పాలెంలో మాత్రం ఈ మాటకి ఎవరూ తల తిప్పి కూడా చూడరు.

మా అమ్మ అప్పాయమ్మకి నాకంటే ముందు ముగ్గురు పుట్టి పోయారు. నాలుగోదాన్ని నేను. పదకొండో రోజున నన్ను చేటలో పడుకోబెట్టి, మూడిళ్ళ అవతల ఉండే చిట్టెమ్మకి అమ్మారు. ఆవిడ రైస్ మిల్లులో పనికి వెళ్ళేది కాబట్టి వాళ్ళింట్లో తవుడుకి కొదవ లేదు. చేటెడు తవుడు మా అమ్మ ఒళ్ళో పోసి, నన్నెత్తుకుని తన గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తెచ్చి మా అమ్మ చేతుల్లో పెట్టి, "ఇది నా బిడ్డ. నీ దగ్గరుంచి పెంచిస్తున్నాను. జాగ్రత్తగా చూసుకో" అందట. ఆ బేరంలో రెండు సగాలు ఉంటాయి. కొనడం ఒక సగం, తిరిగి చేతిలో పెట్టి ఆ మాట అనడం రెండో సగం. రెండూ అయితే ఆ పిల్ల ఇక ఆ తల్లిది కాదనుకుని చావు వేరే ఇల్లు చూసుకుంటుందని మా వాళ్ళ నమ్మకం. నేను బతికాను. బళ్ళో సత్యకుమారిని, ఊళ్ళో మాత్రం తవుడిని.

చిట్టెమ్మని కొన్నమ్మా అని పిలిచేదాన్ని. ఆవిడకి పిల్లలు లేరు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి, ఎండబెట్టిన మెత్తళ్ళ చేపల బుట్ట ఇసకలో పారబోశానని మా అమ్మ చీపురు తిరగేసింది. నేను ఏడుస్తూ కొన్నమ్మ ఇంటికి పరిగెత్తాను. ఆవిడ మొహం కడిగి, తల దువ్వి, చేపల పులుసుతో అన్నం పెట్టింది. "నన్ను కొన్నావుగా, ఇక ఇక్కడే ఉంటాను" అన్నాను. ఆవిడ సాయంత్రం నా చెయ్యి పట్టుకుని మా ఇంటికి బయల్దేరింది. దారిలో ఆవిడ చెయ్యి కొరికాను. అయినా వదల్లేదు. మా గుమ్మంలో నిలబడి మా అమ్మతో మళ్ళీ అదే మాట చెప్పింది. నేను వెనక్కి తిరిగి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను. నెల రోజులు ఆవిడతో మాట్లాడలేదు. ఇన్నేళ్ళలో నాకు ఆ కోపం పూర్తిగా పోలేదు, ఆవిడ పోయి పన్నెండేళ్ళయినా సరే.

నాకూ వీరబాబుకీ పెళ్ళయి ఎన్నేళ్ళయినా పిల్లలు పుట్టలేదు. మా ఆయన రాజు గారి రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. నేను కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి తొమ్మిదేళ్ళు ఉన్నాను. ఆ ఇంట్లో బట్టలుతికే గది పక్కన ఉన్న చిన్న గదిలో నాతోపాటు రిజికి ఉండేది. కెన్యా దేశంలో కిలిఫీ అనే ఊరు వాళ్ళది. వాళ్ళ నాన్న కూడా సముద్రం మీదే బతికాడు. నాకు ఆమె భాష రాదు, ఆమెకి నా భాష రాదు. ఇద్దరం వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ ముక్కలతోనే ఏళ్ళ తరబడి కష్టసుఖాలు చెప్పుకున్నాం. మామా తెప్పించే ఐసు చేపల్ని చూసి ఇద్దరం ఒకేసారి మూతి తిప్పుకునేవాళ్ళం. దానికి ఏ భాషా అక్కర్లేదు.

రిజికికి ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. మూడోది నీమా. మొగుడు వదిలేసి వెళ్ళిపోయాడు. పిల్లని వాళ్ళమ్మ దగ్గర వదిలి ఇంత దూరం వచ్చింది. నీమాకి మూడేళ్ళప్పుడు మలేరియా ముదిరింది. మామాని ఎంత బతిమాలినా ఇంటికి పంపలేదు. రిజికి గ్యాస్ పొయ్యి పక్కన నేల మీద కూర్చుని ఏడుస్తుంటే నాకు ఏం చెయ్యాలో తోచలేదు. మా ఊళ్ళో ఇలాంటప్పుడు ఏం చేస్తారో అదొక్కటే తెలుసు. మామాకి షుగరు. ఆమె రొట్టెల కోసం గోధుమ తవుడు సంచి అల్మరాలో ఉండేది. గుప్పెడు తీసి రిజికి ఒళ్ళో పోశాను. "నీ పిల్లని నాకు అమ్మెయ్యి" అన్నాను. వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో సంగతంతా చెప్పాను.

రిజికి తవుడు కొంగులాంటి తన గుడ్డలో మూటకట్టుకుంది. ఫోన్లో వాళ్ళమ్మకి చెప్పి, స్పీకర్ పెట్టించి, "నీమా, నువ్వింక సత్య కూతురివి" అని గట్టిగా అరిచింది. రెండో రోజుకి జ్వరం దిగింది. మందుకే దిగింది, నాకు తెలియదా ఏంటి? కానీ రిజికి నన్ను కావలించుకుని, "ఇంతేనా? ఇంకేమన్నా చెయ్యాలా?" అని అడిగింది.

"ఇంతే" అన్నాను.

అబద్ధం చెప్పాను. రెండో సగం మిగిలే ఉంది. పిల్ల ఎదురుగా లేదు కదా, చేతిలో ఎలా పెడతాను అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆ మాట అంటే పిల్ల పరాయిదైపోతుందని నాకు భయం. ఏడేళ్ళుగా ఆ మాట నా నోట్లోనే ఉండిపోయింది. ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా.

నేను కువైట్ నుంచి తిరిగొచ్చేశాక కూడా ప్రతి ఆదివారం నీమాతో వీడియో కాల్ ఉండేది. అదీ నేనూ మాట్లాడే భాష వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. దానికి బళ్ళో నేర్పిన ఇంగ్లీషు, నాకు మిగిలిన అరబ్బీ, మధ్యలో తెలుగు. ఊడిన పన్ను చూపించేది. నేను రొయ్యల చెరువు చూపించేదాన్ని. ఫోన్ ఎత్తగానే "అమ్మా, తిన్నావా?" అనడం నేర్చుకుంది. నన్ను ఆ మాట అడిగేవాళ్ళు ఇంకెవరూ లేరు. తిని కూర్చున్నా తినలేదని చెప్పి తిట్టించుకునేదాన్ని.

రెండేళ్ళ కిందట రిజికి మూత్రపిండాలు పాడై కువైట్ నుంచి ఇంటికెళ్ళి, ఆరు నెలలకి పోయింది. మొన్న మే నెలలో వాళ్ళమ్మ కూడా పోయింది. ఊళ్ళోవాళ్ళు నీమాని కిలిఫీలో పిల్లల హోమ్‌లో చేర్చారు. ఆ వారం ఫోన్లో దాని వెనక తెల్ల గోడ, వరుసగా ఇనప మంచాలు కనిపించాయి. "తిన్నావా" అని అడగలేదు.

"అక్కడే ఉండమ్మా. ఎక్కడికీ వెళ్ళకు. నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నాను.

అన్నానంటే ఊరికే అనలేదు. నర్సాపురం వెళ్ళి పాస్‌పోర్టు రెన్యువల్‌కి ఇచ్చాను. మా ఆయన మాట తక్కువ మనిషి. అదే రోజు నాతోపాటు వచ్చి బజార్లో గులాబీ రంగు దోమతెర కొన్నాడు. "ఆడపిల్ల కదా, ఈ రంగు బాగుంటది" అన్నాడు. ఇంటికొచ్చి మా మంచం పక్కన చోటు కొలిచి, గోడకి నాలుగు మేకులు కొట్టాడు. ఆ మేకులకి ఐదు నెలలుగా ఏమీ తగిలించలేదు. పిల్ల వచ్చాకే కడదామన్నాడు.

పోయిన వారం నా ఫోన్‌కి ఇంగ్లీషులో పొడుగాటి మెసేజ్ వచ్చింది. మా గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌గా చేసే ఆశాజ్యోతి దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"అక్కా, అక్కడ పిల్లల సంగతి చూసే గవర్నమెంటు ఆఫీసరమ్మంట అండి. పేరు చారో అంట. నీమాకి సొంత పిన్ని ఉందంట కదండీ, డామా అని? ఆవిడ పెంచుకుంటానని అడిగిందంట. రెండుసార్లు ఆవిడింటికి పంపారంట. రెండుసార్లూ పిల్ల ఐదు కిలోమీటర్లు నడిచి తిరిగొచ్చేసిందంట."

"కొట్టి ఉంటుంది. లేకపోతే పిల్ల ఎందుకొస్తుంది?" అన్నాను.

"కొట్టలేదంట అండి. పిల్ల హోమ్ గేటు దగ్గర సంచి పెట్టుకుని కూర్చుంటదంట. మా అమ్మ ఈ అడ్రసుకే వస్తానంది, నేను ఇక్కడ లేకపోతే ఆమెకెలా తెలుస్తది అంటదంట."

ఆశాజ్యోతి మిగతాది చదివింది. వాళ్ళ చట్టం ప్రకారం పరాయి దేశం వాళ్ళకి పిల్లల్ని దత్తత ఇవ్వరట. ఎవరూ లేని పిల్లలకే హోమ్, అదీ కొన్నాళ్ళకే. అయినవాళ్ళు ఉండి, ప్రేమగా చూస్తామంటే వాళ్ళ దగ్గరే ఉంచాలట. పిల్ల నా మాట తప్ప ఎవరి మాటా వినడం లేదు కాబట్టి, నేను రాలేనని నా నోటితోనే దానికి చెప్పాలట.

నాకు ఒళ్ళు మండింది. "ఎవరమ్మా ఈవిడ నాకు చెప్పడానికి? పిల్లని కొన్నది నేను. రాసెయ్యి, నేను కొనుక్కున్నానని."

"అక్కా, పిల్లని కొన్నానని ఇంగ్లీషులో రాస్తే అక్కడ మీ మీద కేసు పెడతారండి."

"తవుడుకి కొన్నానని రాయి."

"తవుడుకి అని రాస్తే ఇంకా పెద్ద కేసు అవుద్దండి" అంది ఆశాజ్యోతి. ఆ అమ్మాయి నవ్వలేదు. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. అక్కణ్ణుంచి లేచి వచ్చేశాను.

మూడో రోజు పొద్దున చెరువు గట్టు మీద మా ఆయనకి అన్నం పట్టుకెళ్ళి, సంగతంతా చెప్పాను. ఆయన క్యారేజీ మూత తియ్యకుండా నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. "అయితే రాదా?" అన్నాడు చివరికి. నేను క్యారేజీ మూత తీసి ఆయన ముందు పెట్టాను. "ఆ పిన్ని ఎలాంటిదో ఒకసారి చూడు" అన్నాడు. అది ఆయన ఆ వారంలో మాట్లాడిన పెద్ద మాట.

ఆశాజ్యోతి ఆఫీసరమ్మకి చెప్పి డామాతో వీడియో కాల్ పెట్టించింది. నేను పోట్లాటకి సిద్ధమయ్యే కూర్చున్నాను. మనిషి కనిపించింది. అచ్చం రిజికి నుదురు, రిజికి పళ్ళు. ఆమె చేపలు వేయించి రోడ్డు పక్కన అమ్ముతుంది. మోచేతుల దాకా నూనె చిట్లి కాలిన మచ్చలు. మా పాలెంలో ఏ ఆడదాని చేతులు చూసినా ఏవో మచ్చలు ఇలాగే ఉంటాయి. అవి చూశాక గట్టిగా మాట్లాడలేకపోయాను.

"పిల్లని సరిగ్గా చూస్తావా?" అని అడిగించాను.

ఆఫీసరమ్మ ఆమె మాటల్ని ఇంగ్లీషులో చెబితే, ఆశాజ్యోతి నాకు తెలుగులో చెప్పింది. "రోజూ చేపలన్నీ అమ్ముడయ్యాక హోమ్ గేటు దగ్గరికి వెళ్తుందంట అక్కా. పిల్ల పక్కన ఆ అరుగు మీదే కూర్చుంటదంట. ఒక వేయించిన చేప కాగితంలో చుట్టి పట్టుకెళ్తదంట. పిల్ల తింటదంట కానీ లేవదంట. గేటు మూసే వేళకి ఈవిడ లేచి ఇంటికెళ్ళిపోతదంట. మా అక్క కూతురు, దాన్ని ఒక్కదాన్నీ అక్కడెలా వదిలేస్తాను అంటందండి."

ఆ రోజు ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకుండా కూర్చున్నాను. నీమాని ఆ అరుగు మీద కూర్చోబెట్టింది నేను. అక్కడే ఉండు అన్నదాన్ని నేనే. దాని అడ్రసు నేను, నా అడ్రసు అది, మధ్యలో సముద్రం. కొన్నమ్మ గుర్తొచ్చింది. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చిన సాయంత్రం ఆవిడకి నన్ను ఉంచేసుకోవాలని లేదా? తల దువ్వేటప్పుడు ఆవిడ చెయ్యి ఎంత నెమ్మదిగా కదిలిందో ముప్ఫై ఏడేళ్ళ తర్వాత నాకు తెలిసొచ్చింది. జడ అల్లి, విప్పి, మళ్ళీ అల్లింది. సాయంత్రం కాకూడదనే అలా చేసి ఉంటుంది. నా కోపానికి అర్థం లేదని తెలిసే సరికి చెప్పుకోవడానికి ఆవిడ లేదు.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి సచివాలయంలో కూర్చున్నాం. మా ఆయన కూడా వచ్చాడు, కానీ లోపలికి రాకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నీమా హోమ్ గేటు దగ్గర అరుగు మీద ఉంది. ఒళ్ళో సంచి. పక్కన డామా, ఇద్దరి ఎదురుగా ఫోన్ పట్టుకుని ఆఫీసరమ్మ.

"అమ్మా, తిన్నావా?" అంది నీమా.

"తిన్నాను" అన్నాను, మొదటిసారి నిజం చెప్పి. "నువ్వు?"

"చేప తిన్నాను. ఎప్పుడొస్తావు? సంచి సర్దేసుకున్నాను."

ఆశాజ్యోతి నా మొహంలోకి చూసింది. నేను ముందే అనుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "నేను రాలేనమ్మా" అన్నాను. "వద్దామనే అనుకున్నాను. నీ కోసం గోడకి మేకులు కూడా కొట్టాం. కానీ నిన్ను పంపరు. అక్కడే ఉండమని చెప్పడం నాదే తప్పు. ఇక నువ్వక్కడ కూర్చోవద్దు."

ఆశాజ్యోతి అన్నీ చెప్పింది. మేకుల సంగతి కూడా వదల్లేదు. నీమా సంచి పట్టీ వేలికి చుట్టుకుంటూ విన్నది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండుననిపించింది.

"అయితే నువ్వు నన్ను కొనలేదా?" అని అడిగింది.

"కొన్నాను. గుప్పెడు తవుడుకి. మీ అమ్మ మూటకట్టుకుంది. అది ఎప్పటికీ ఎవరూ మార్చలేరు. కానీ అందులో ఇంకో సగం ఉంది తల్లీ. అది నేను చెయ్యలేదు. మీ అమ్మకి కూడా చెప్పలేదు. ఇప్పుడు చేస్తాను, లే."

అది లేచింది. ఎందుకు లేచిందో నాకు తెలీదు. రెండో సగం ఏంటో చూడాలనే అయి ఉంటుంది, పిల్ల కదా. డామాని దగ్గరికి రమ్మన్నాను. నీమా చెయ్యి ఆమె చేతిలో పెట్టమని ఆఫీసరమ్మకి చెప్పించాను. ఆ నల్లటి, నూనె మచ్చల చేతిలో పిల్ల చెయ్యి కనిపించింది. నా చేతులు టేబుల్ మీద ఖాళీగా ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు పట్టుకున్నాను.

"డామా" అన్నాను. తెలుగులోనే అన్నాను, ఆ మాట వేరే భాషలో నాకు రాదు. "ఇది నా బిడ్డ. నీ దగ్గరుంచి పెంచిస్తున్నాను. జాగ్రత్తగా చూసుకో."

ఆశాజ్యోతి ఇంగ్లీషులో చెప్పబోయి, ఆగి, మళ్ళీ మొదలుపెట్టింది. ఆఫీసరమ్మ వాళ్ళ భాషలో చెప్పింది. డామా పిల్ల చెయ్యి వదలకుండానే రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచింది. ఏదో అంది.

"సరే అక్కా అంటందండి" అంది ఆశాజ్యోతి.

"పిన్ని తిడితే?" అంది నీమా.

"తిడితే ఆదివారం నాకు చెప్పు. అరబ్బీలో నేను తిట్టే తిట్లు ఎలాంటివో మీ అమ్మకి బాగా తెలుసు."

దాని పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వో ఏడుపో నాకు సరిగ్గా కనబడలేదు. అది సంచి భుజాన వేసుకుంది. డామా సంచి అందుకోబోతే ఇవ్వలేదు, చెయ్యి మాత్రం విడిపించుకోలేదు. ఇద్దరూ ఎర్రమట్టి రోడ్డు మీద నడవడం మొదలుపెట్టారు. ఆఫీసరమ్మ కాల్ కట్ చెయ్యడం మర్చిపోయిందో, కావాలనే ఉంచిందో. ఫోన్ అలాగే వాళ్ళ వైపు పట్టుకుని నిలబడింది.

పిల్ల తిరిగి చూస్తుందేమోనని స్క్రీన్‌కి మొహం ఆనించి కూర్చున్నాను. ఒక్కసారి చూడమ్మా అని లోలోపల బతిమాలుకున్నాను. కొబ్బరిచెట్ల దాకా వెళ్ళారు, మలుపు తిరిగారు. అది చూడలేదు. గుమ్మం దగ్గర మా ఆయన ముక్కు చీదుకోవడం వినబడింది. "అక్కా, కట్ చేసెయ్యనాండీ?" అని ఆశాజ్యోతి మెల్లగా అడిగింది.

"కాసేపుండమ్మా" అన్నాను.

ఖాళీ రోడ్డు చూస్తూ కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ పిల్లప్పుడు నేనూ వెనక్కి చూడలేదు. చూసి ఉంటే, మా గుమ్మంలో కొన్నమ్మ ఇలాగే చూస్తూ నిలబడి కనిపించేది.